రంగు కింద ఏముంది: మా కొత్త ఫైబర్ బోటు, దాని వారంటీ

ఫైబర్ బోటు కొనేటప్పుడు మన కంటికి కనిపించేది పైన వేసిన రంగే. లోపల మ్యాట్ (గాజు పోగుల పరుపు) ఎన్ని పొరలు వేశారో, దాన్ని తడిపి గట్టిపరిచే జిగురు, అంటే రెజిన్, ఏది వాడారో, ఇంజిన్ బిగించే పీట కింద ఏం పెట్టారో రంగు పడ్డాక ఎవరికీ తెలియదు. అలాంటి వస్తువుకి ఇచ్చే వారంటీ ఎంతవరకు పనికొస్తుందో మా నాన్న బోటు విషయంలో దగ్గరుండి చూశాను. మా తీరంలో ఎన్నో కుటుంబాలు అప్పు చేసి కొత్త బోటు దించుతున్నాయి. వాళ్ళకు ఉపయోగపడుతుందని జరిగిందంతా రాస్తున్నాను.

మాది కాకినాడ దగ్గర మత్స్యకార గ్రామం. నాన్న, తమ్ముడు వేటకు వెళ్తారు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను. ఇంట్లో కాగితం పని ఏదున్నా నాదే. పాత బోటు అమ్మేసి, అమ్మ బంగారం బ్యాంకులో పెట్టి, మిగతాది వడ్డీకి తెచ్చి కొత్త బోటుకు ఆర్డర్ ఇచ్చాం. పొడవు 30 అడుగులు. ఇంజిన్, వలలు కాకుండా బోటు ఒక్కటే 3,80,000 రూపాయలు. బోటు అడుగుభాగం మందం 8 మిల్లీమీటర్లు ఉంటుందని యార్డు యజమాని నోటితో చెప్పాడు. బిల్లు మీద మాత్రం "30 అడుగుల ఎఫ్‌ఆర్‌పీ బోటు, 1" అని ఒక్క లైను రాసి ఉంది. ఎఫ్‌ఆర్‌పీ అంటే ఫైబరే. మా ఊళ్ళో ఎవరి బిల్లు చూసినా ఇంతే ఉంటుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. పాత బోట్ల రిపేర్లు, కొత్త బోట్ల తయారీ అన్నీ ఆ రెండు నెలల్లోనే జరుగుతాయి. జూన్ 15కి బోటు సిద్ధంగా లేకపోతే ఆ ఏడాది మంచి వేట రోజులు పోయినట్టే. దాంతో మే నెలలో యార్డులు కిటకిటలాడతాయి. ఒక బోటు అచ్చులోంచి బయటికి రాగానే ఇంకొకటి మొదలుపెడతారు. ఈ తొందర వల్ల లోపల ఏం జరుగుతుందో నాకు చాలా తర్వాత అర్థమైంది.

మొదట అనుమానం వచ్చింది వాసన మీద. కొత్త ఫైబరుకు రెజిన్ వాసన మామూలే, కొన్నాళ్ళకు పోతుంది. మా బోటుకు వానలు మొదలైనా పోలేదు. యార్డుకు ఫోన్ చేస్తే "ఆరిపోద్దమ్మా, కంగారు పడకండి" అన్నారు. తర్వాత డీజిల్ తేడా వచ్చింది. ఇంజిన్ మారలేదు, వెళ్ళే దూరం మారలేదు, ఎక్కే మనుషులూ వాళ్ళే, అయినా డీజిల్ ఎక్కువ అవుతోందని తమ్ముడు చెప్పాడు. బోటు బరువుగా నడుస్తోందని నాన్న అనేవాడు. నలభై ఏళ్ళుగా సముద్రం మీద ఉన్న మనిషి మాట అది, యార్డు వాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత ఇంజిన్ పీట చుట్టూ సన్నని చీలికలు వచ్చాయి. బోల్టుల దగ్గర ఎప్పుడు చూసినా తడి.

అప్పుడు వారంటీ కార్డు తీసి మొత్తం చదివాను. తయారీ లోపాలకు ఏడాది హామీ. బోటును కొన్నవాళ్ళే తమ ఖర్చుతో యార్డుకు తేవాలి. లోపం తయారీదో, వాడకం వల్ల వచ్చిందో యార్డే తేలుస్తుంది. బయటివాళ్ళు చెయ్యి వేస్తే హామీ రద్దు. వేట నష్టానికి యార్డుకు సంబంధం లేదు. 30 అడుగుల బోటును క్రేన్‌తో ఎత్తి లారీ మీద పంపి మళ్ళీ తెప్పించుకోవడానికి అయ్యే డబ్బు మా దగ్గర ఉంటే ఆ బోటుకు వడ్డీ అప్పు ఎందుకు చేస్తాం? అక్కడికే రమ్మని గట్టిగా అడిగితే చివరికి ఒక కుర్రాడిని పంపారు. అతను చీలికల మీద పుట్టీ పెట్టి, గ్రైండర్ పట్టి, పైన జెల్‌కోట్ (ఫైబరు మీద వేసే రంగు రెజిన్ పూత) పూశాడు. వెళ్తూ "రిపేరు పూర్తయింది" అన్న కాగితం మీద నాన్నను సంతకం పెట్టమన్నాడు. నాన్న పెన్ను తీసుకునేలోపు నేను ఆ కాగితం మీద "పైపూత మాత్రమే వేశారు, లోపల విప్పి చూడలేదు" అని రాశాను. ఆ తర్వాతే నాన్న సంతకం పెట్టాడు. ఆ ఒక్క లైను తర్వాత మాకు చాలా పనికొచ్చింది.

చీలికలు మళ్ళీ వచ్చాయి. ఈసారి యార్డు యజమాని మాట మార్చాడు. ఇంజిన్ సరిగ్గా బిగించలేదని, ఆ వైబ్రేషన్‌కే పగిలిందని, ఇంజిన్ అమ్మినవాళ్ళని అడగమని అన్నాడు. ఇంజిన్ డీలర్ పంపిన మెకానిక్ వచ్చి చూసి "పీటే కదులుతోందండీ, కదిలే పీట మీద ఏ ఇంజినైనా ఊగుద్ది" అన్నాడు. యార్డూ, ఇంజిన్ డీలరూ చెరో వారంటీ కార్డు ఇచ్చారు. రెండింటి మధ్యలో మేం మిగిలాం. మెకానిక్ మాటనే అతని సర్వీసు రిపోర్టు మీద రాయించుకున్నాను. ఇన్సూరెన్సు సంగతి కూడా కనుక్కున్నాను. మా పాలసీ ప్రమాదాలకు మాత్రమే, తయారీ లోపానికి వర్తించదు.

లోపల విప్పితే తప్ప నిజం తేలదు. విప్పితే వారంటీ పోతుంది. అందుకని యార్డుకు రిజిస్టర్డ్ పోస్టులో ఒక లేఖ, దాని ఫోటో వాట్సాప్‌లో పంపాం. ఫలానా తేదీలోపు మీరే వచ్చి మా ముందు విప్పండి, రాకపోతే గ్రామ పెద్దల సమక్షంలో వీడియో తీస్తూ మేమే విప్పిస్తాం అన్నది అందులో సారాంశం. ఎవరూ రాలేదు. చెప్పిన రోజునే విప్పించాం.

ముందు భాగంలో డెక్కు కింద ఒక మూసిన గది ఉంటుంది. బోటు నిండా నీళ్ళు వచ్చినా పూర్తిగా మునిగిపోకుండా ఆ గదిలో పాలీయురేథేన్ ఫోమ్ నింపాలి. మా బోటులో బజారులో దొరికే థర్మోకోల్ ముక్కలు కుక్కారు. పాలిస్టర్ రెజిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. రెజిన్ తగిలిన చోటల్లా ముక్కలు కరిగి ఖాళీలు ఏర్పడ్డాయి. ఆ ఖాళీల్లో నీళ్ళు చేరాయి. అంటే వెళ్ళిన ప్రతిసారీ నాన్నావాళ్ళు ఆ నీళ్ళు మోసుకుంటూ వేటకు వెళ్ళారన్నమాట. డీజిల్ ఎందుకు ఎక్కువైందో అప్పుడు తెలిసింది. నాకు డీజిల్ కంటే ఇంకో విషయం గుండెల్లో గుచ్చుకుంది. తుఫాను గాలికి బోటు తిరగబడితే మనుషులు పట్టుకుని వేలాడాల్సింది ఆ బోటునే. దాన్ని తేల్చాల్సిన గదిలో థర్మోకోల్ ముక్కలు నింపి, మూతేసి, నీలం రంగు వేసి అమ్మారు. ఆ రాత్రి అమ్మకు ఈ సంగతి చెప్పలేకపోయాను.

ఇంజిన్ పీట ఇంకా ఘోరం. మామూలు ప్లైవుడ్ వేసి పైన మాత్రం ఫైబర్ కప్పారు. అంచులు, బోల్టు రంధ్రాలు మూయలేదు. నీళ్ళు లాగి ప్లైవుడ్ నల్లబడి, వేలితో నొక్కితే దిగుతోంది. చిన్న సుత్తితో అడుగంతా తట్టి చూస్తే కొన్నిచోట్ల గట్టి చప్పుడు, కొన్నిచోట్ల బోలు చప్పుడు. బోలు చప్పుడు వస్తే పొరలు విడిపోయాయని అర్థం.

నాతో డిగ్రీ చదివిన స్నేహితురాలు ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేస్తుంది. బోటు అడుగు నుంచి గుండ్రంగా కోసే హోల్ సాతో రూపాయి బిళ్ళంత ముక్క తీసి, ఆ రంధ్రం పూడ్పించి, ముక్క తనకు పంపాను. మందం 5 మిల్లీమీటర్లు. ఆ ముక్కను ఫర్నేస్‌లో దాదాపు 600 డిగ్రీల వేడిలో పెడితే రెజిన్ కాలిపోయి గాజు పొరలు మిగులుతాయి, ఉల్లిపాయ పొరల్లా విడదీసి లెక్కపెట్టొచ్చు. చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్ ఒక పొరకు సుమారు ఒక మిల్లీమీటర్ మందం వస్తుంది. మా ముక్కలో నాలుగు మ్యాట్లు, గుడ్డలా నేసిన గాజు పొర ఒకటి తేలాయి. చెప్పిన 8 మిల్లీమీటర్లు ఎక్కడా లేవు. కాల్చకముందు తీసిన ఫోటోలో తెల్లటి మచ్చలు కూడా కనిపించాయి. అక్కడ మ్యాట్‌కు రెజిన్ అందలేదు.

ఎందుకిలా అవుతుందని అడిగితే తను చెప్పిన కారణం నాకు బాగా గుర్తుండిపోయింది. ఎండ ముదిరేకొద్దీ రెజిన్ త్వరగా గడ్డకడుతుంది. మ్యాట్ పూర్తిగా తడిసి, రోలర్‌తో గాలి బుడగలు బయటికి పోయేలోపే గట్టిపడితే లోపల పొడి మచ్చలు మిగిలిపోతాయి. త్వరగా గడ్డకట్టకుండా ఉండాలని క్యాటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరచడానికి కలిపే మందు) మరీ తగ్గిస్తే రెజిన్ సరిగ్గా ఆరదు, వాసన పోదు. మే నెలలో పని తెల్లవారుజామునే మొదలుపెట్టి, రెజిన్ కొద్దికొద్దిగా కలుపుకోవాలి. ఒకేసారి నాలుగు బోట్లు ఎత్తుకున్న యార్డులో అంత ఓపిక ఎవరికి ఉంటుంది? పనివాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళు ఆ వాసనలో మాస్కు కూడా లేకుండా పనిచేస్తారు. తొందర పెట్టింది, ప్లైవుడ్ కొన్నది, థర్మోకోల్ కుక్కించింది యజమానే.

ఇన్ని రుజువులు చేతిలో పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నమోదు చేసి యార్డుకు పంపారు. యార్డు నుంచి జవాబు లేదు. తర్వాత లాయరు ద్వారా నోటీసు ఇప్పించాం. దానికి మాత్రం వెంటనే జవాబు వచ్చింది. వేట అంటే వ్యాపారం, వ్యాపారానికి కొన్నవాళ్ళు వినియోగదారులు కారు, కాబట్టి కేసే చెల్లదు అని.

ఆ జవాబు చదివి నాన్న "మనం వ్యాపారస్తులమా?" అని అడిగాడు. ఇంట్లో అందరూ డీలాపడ్డారు. నేను 2019 వినియోగదారుల రక్షణ చట్టం తెప్పించుకుని చదివాను. వినియోగదారు ఎవరో చెప్పే సెక్షన్ 2(7) కిందే వివరణ ఉంది. స్వయం ఉపాధితో కేవలం జీవనోపాధి కోసం కొని, తానే వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదు. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయం విడమరిచి చెప్పింది. తానే నడుపుకునే ఆటో కొన్నవాడు, సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా వినియోగదారుడే. మా బోటులో నాన్న, తమ్ముడు తప్పకుండా ఉంటారు, తక్కిన వాళ్ళకు జీతాలు లేవు, వచ్చిన చేపలో వాటాలే. ఇంకో బోటు మాకు లేదు. నాన్న మత్స్యకార గుర్తింపు కార్డు, బోటు రిజిస్ట్రేషన్, సహకార సంఘం ఇచ్చిన లేఖ జత చేశాం.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. యార్డు వేరే జిల్లాలో ఉన్నా, ఫిర్యాదుదారు ఉండే చోటే కేసు వేయొచ్చని ఈ చట్టంలో ఉంది. వస్తువు కోసం చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లోపం బయటపడ్డాక రెండేళ్ళలోపు వేయాలి. నోటీసు అందాక అవతలివాళ్ళు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితం మీద ఇదంతా బాగానే ఉంటుంది. వాస్తవంలో వాయిదాలు పడతాయి. ప్రతి వాయిదాకు నేను స్కూల్లో సెలవు పెట్టాలి. బోటు మాత్రం ఒడ్డున టార్పాలిన్ కింద ఉంది. వాడితే ఇంకా పాడుచేశారంటారు, బాగు చేయిస్తే రుజువు పోతుంది. నాన్న, తమ్ముడు వేరేవాళ్ళ బోట్లలో కలాసీలుగా వాటాకు వెళ్ళారు. సొంత బోటు ఒడ్డున పెట్టుకుని ఇంకొకరి బోటు ఎక్కాల్సి రావడం నాన్నకు ఎంత కష్టంగా ఉండేదో మాకు తెలుసు. వడ్డీ ఆగదు. ఇలాంటి వారంటీలు వేచి ఉండగలిగిన వాళ్ళకే పనికొస్తాయని నాకు గట్టిగా అనిపించింది.

చివరికి కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపింది. కాలిన గాజు పొరల ఫోటో, నేను లైను రాసిన ఆ రిపేరు కాగితం, మెకానిక్ రిపోర్టు బల్ల మీద పెట్టాక యజమాని పెద్దగా వాదించలేదు. యార్డు ఖర్చుతో మా ఒడ్డునే అడుగుకు అదనపు పొరలు వేయాలి. థర్మోకోల్ తీసి సరైన ఫోమ్ నింపాలి. పీటకు నీళ్ళను తట్టుకునే మెరైన్ ప్లై వేసి అన్ని వైపులా ఫైబర్‌తో మూయాలి. 40,000 రూపాయలు రెండు విడతల్లో ఇవ్వాలి. బాగుచేసిన భాగాలకు కొత్తగా ఏడాది హామీ. పోయిన వేట రోజులకు పైసా రాలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కేసు చివరిదాకా నడిపితే ఏమైనా వచ్చేదేమో, కానీ ఇంకో సీజన్ పోగొట్టుకునే స్థితిలో మేం లేం.

పని జరిగిన రోజుల్లో తమ్ముడు బోటు దగ్గర నుంచి కదల్లేదు. ప్రతి పొరకూ ముందు ఒక ఫోటో, తర్వాత ఒక ఫోటో. ఇప్పుడు బోటు వేటకు వెళ్తోంది, డీజిల్ మామూలుగా అవుతోంది, పీట చుట్టూ పొడిగా ఉంది. రెండో విడత డబ్బులు ఆలస్యంగానైనా వచ్చాయి.

ఈ నిషేధకాలంలో తమ్ముడి బావమరిది వేరే యార్డులో బోటుకు ఆర్డర్ ఇచ్చాడు. ఈసారి అడ్వాన్సు ఇవ్వకముందే ఒక పేజీ ఒప్పందం నేను రాసిచ్చాను. జెల్‌కోట్‌కు, బయటి పొరలకు నీళ్ళను బాగా తట్టుకునే ఐసోఫ్తాలిక్ రెజిన్. అడుగుకు, పక్కలకు విడివిడిగా మ్యాట్ ఎన్ని గ్రాములది, ఎన్ని పొరలు. ఫోమ్ ఏ రకం, పీటకు ఏ చెక్క. నీళ్ళు పోయే రంధ్రం కోసినప్పుడు వచ్చే ముక్క కొన్నవాళ్ళకే ఇవ్వాలి, మందం ఎంతో అందులో కళ్ళారా కనబడుతుంది. డబ్బు మూడు దశల్లో, చివరిది బోటు నీళ్ళలో పరీక్షించాకే. వారంటీ పని బోటు ఉన్నచోటే చేయాలి. ఆ యార్డు యజమాని రెండుసార్లు చదివి, మంచి రెజిన్‌కు కొంత ఎక్కువ అవుతుందని చెప్పి, కింద సంతకం పెట్టాడు. అడుగు పొరలు ఈ వారమే మొదలయ్యాయి. బావమరిది, తమ్ముడు వంతులవారీగా అక్కడే ఉంటున్నారు.