జేజి దగ్గర వదిలే పిలకాయ వెంట ఏం పంపాలి

కావలి, కందుకూరు, సింగరాయకొండ చుట్టుపక్కల పల్లెల్లో జేజి తాతల దగ్గర పెరిగే అమెరికా పిలకాయలు ఉంటారు. తల్లికి సెలవు అయిపోతుంది, అక్కడ డేకేర్‌కు కట్టే డబ్బు తలుచుకుంటేనే కళ్లు తిరుగుతాయి, సరే ఏడాదో రెండేళ్లో ఊళ్లో ఉంచుదాం అనుకుంటారు. పెట్టెల్లో డైపర్లు, పాలపొడి డబ్బాలు, బొమ్మలు కూరతారు. ఊళ్లో ఆ బిడ్డను నెలనెలా చూడబోయే అంగన్‌వాడీ టీచర్‌కు, టీకాలు వేసే ఏఎన్ఎం నర్సమ్మకు, ఆశా కార్యకర్తకు మాత్రం ఒక్క కాయితం ముక్క పెట్టరు. వాళ్లకు కావలసింది చాక్లెట్లూ సెంటుసీసాలూ కాదు, బిడ్డ వివరాలు.

ముందు టీకాల సంగతి. అమెరికా కార్డులో పీడియారిక్స్, వ్యాక్సెలిస్ అని కంపెనీలు పెట్టిన టీకా పేర్లు ఉంటాయి. ఏఎన్ఎంకు తెలిసింది పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు ఒకే టీకా), పోలియో, రోటా (విరేచనాల టీకా), ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా). అందుకే ఏ టీకా ఏ జబ్బుకో తెలుగులో ఒక పట్టిక రాసి, అసలు కార్డు నకలుకు జతచేయాలి. తేదీలో నెలను అక్షరాల్లో రాయాలి. అక్కడ 04/07 అంటే ఏప్రిల్ 7, ఇక్కడ జులై 4. ఈ ఒక్క తికమకతో రెండు డోసుల మధ్య ఎడం మూడు నెలలు అటూ ఇటూ అయిపోతుంది.

అమెరికాలో తట్టు టీకా 12 నుంచి 15 నెలల మధ్య వేస్తారు, అదీ గవదబిళ్లల టీకా కూడా కలిసిన ఎంఎంఆర్. మన దగ్గర 9 నెలలు నిండగానే ఎంఆర్ మొదటి డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. పది నెలల బిడ్డను తీసుకొస్తే అక్కడి లెక్కన అన్నీ వేసినట్టే, ఇక్కడి లెక్కన ఎంఆర్ బాకీ. క్షయకు వేసే బీసీజీ అక్కడ మామూలుగా వేయరు కాబట్టి అదీ బాకీయే. ఏఎన్ఎం అడిగితే జేజి బిక్కమొహం వేస్తుంది, "మావాడు అన్నీ ఏయించాడమ్మా" అంటుంది. ఆ మాటతో పని ఆగిపోకుండా ఉండాలంటే బాకీలేవో, వేయించడానికి మీకు సమ్మతమేనని మీరే ముందుగా రాసి పంపాలి. వేసిన ప్రతి డోసూ తల్లీబిడ్డల రక్షణ కార్డులో తేదీతో సహా ఎక్కించుకోమని జేజికి గట్టిగా చెప్పాలి. తిరిగి వెళ్లాక బడివాళ్లు అడిగేది ఆ కార్డునే. ఎంఆర్‌లో గవదబిళ్లల టీకా ఉండదు. ఏడాది నిండకముందు వేసిన తట్టు డోసు అక్కడ లెక్కకు రాదు. అక్కడ ఎంఎంఆర్ మళ్లీ వేయించుకోవాల్సి వస్తుందని ముందే తెలిస్తే గొడవ ఉండదు.

బరువు విషయం చిన్నదే గానీ తరచూ తప్పేది అక్కడే. అక్కడి కార్డు పౌన్లలో ఉంటుంది, 22 పౌన్లంటే దాదాపు 10 కిలోలు. కిలోల్లోకి మార్చి రాయండి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి పొడవు కొలుస్తారు, ఆపైన నిలబెట్టి ఎత్తు కొలుస్తారు. రెంటికీ 0.7 సెంటీమీటర్ల తేడా వస్తుంది కాబట్టి "మా బిడ్డ కుంగిపోయాడు" అని వీడియోకాల్లో టీచర్‌ను నిలదీయొద్దు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలకు ఎడమ జబ్బ చుట్టుకొలత తీస్తారు. 11.5 సెంటీమీటర్ల లోపుంటే కొలత పట్టీ మీద ఎరుపు, అది తీవ్ర పోషణలోపం, వెంటనే ఆస్పత్రికి చూపించాలి. 12.5 దాకా పసుపు, అది ఓ మోస్తరు లోపం. ఏసీ ప్లేస్కూల్ ఉండగా అంగన్‌వాడీ ఎందుకని మనవాళ్లు అంటుంటారు. ప్లేస్కూల్లో ఈ కొలతలు ఎవరు తీస్తారో ముందు అడిగి చూడండి.

మాటల చీటీ మరీ ముఖ్యం. రెండున్నరేళ్ల పిల్ల దొడ్డికో మూత్రానికో "పాటీ" అంటే అంగన్‌వాడీలో సాయం చేసే ఆయమ్మకు ఏం అర్థమవుతుంది? పాట అడుగుతోందనుకుంటుంది, పిల్ల గౌను తడుపుకుంటుంది, ఆ మర్నాటి నుంచి రానని ఏడుస్తుంది. నీళ్లు, ఆకలి, నొప్పి, నిద్ర, మూత్రం, దొడ్డి, భయం, అమ్మ, ఇలాంటి పదిహేను ఇరవై విషయాలకు మీ పిల్ల నోట వచ్చే మాటను తెలుగు అక్షరాల్లో రాసి, ఎదురుగా అర్థం పెట్టండి. పడని తిండి ఉంటే అదే చీటీలో పైన ఎర్ర సిరాతో రాయాలి. కొత్తచోట కొన్ని వారాలు నోరు విప్పని పిల్లలుంటారు. టీచర్ మాటలు అర్థం చేసుకుంటూ, చెప్పింది చేస్తూ ఉంటే కంగారు పడక్కర్లేదు. పిలిచినా పలక్కపోతే చెవుల పరీక్ష చేయించాలి.

ఆపరేషన్ అవసరమైన రాత్రి నెల్లూరులో ఆస్పత్రివాళ్లు సంతకం ఎవరిదంటారు. జేజి తాతల పేర్లు, బిడ్డ పాస్‌పోర్టు నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వైద్యానికీ బడికీ అనుమతి, ఇవన్నీ రాసి తల్లీ తండ్రీ ఇద్దరూ నోటరీ ముందు సంతకం పెట్టి, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి పంపాలి.

ఇక విరాళాల మోజు. బిడ్డ పుట్టినరోజుకు అంగన్‌వాడీ కేంద్రానికి టీవీ ఇచ్చి ఫోటో దిగుతారు. కనిగిరి, పామూరు వైపు పల్లెల్లో అసలు బాధ నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగించకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరు మొత్తం లవణాలను చూపిస్తుందే తప్ప ఫ్లోరైడ్‌ను చెప్పదు, నీటిని ల్యాబులో పరీక్ష చేయించాలి. ఆర్వో యంత్రం ఇస్తే ఫిల్టర్లు మార్చే ఖర్చు, కరెంటు బిల్లు ఎవరు కడతారో అంగన్‌వాడీల పై అధికారి సీడీపీఓ దగ్గర కాయితం మీద తేల్చుకున్నాకే ఇవ్వండి. లేకపోతే అది మూలన పడి టీచర్ మీదికి మాటొస్తుంది. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీల సమ్మె నాటికి టీచర్ గౌరవ వేతనం 11,500 రూపాయలు, ఆయమ్మది 7,000. అందులోంచి మీరిచ్చిన యంత్రానికి ఫిల్టరు కొనమనడం దారుణం.

టీచర్‌కు ఫోన్ చేసేవాళ్లు గడియారం చూసుకోవాలి. న్యూయార్క్‌లో వేసవి రాత్రి ఎనిమిదిన్నర అంటే ఊళ్లో ఉదయం ఆరు, ఆమె ఇంట్లో కళ్లాపి చల్లుకునే వేళ.

బిడ్డ ఒంటి మీద దెబ్బలున్నా, ఎవరినో చూసి బెదురుతున్నా టీచర్ నోరు నొక్కొద్దని జేజికి చెప్పండి. పరువు పోతుందని బతిమాలితే ఆమె ఇరకాటంలో పడుతుంది. పిల్లల మీద లైంగిక నేరం తెలిసి చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం కింద శిక్షార్హం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా, ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు.

తిరుగు ప్రయాణానికి ముందు కాటుక మాన్పించాలి. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. అక్కడ రక్తపరీక్షలో సీసం డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తారు. నడుము కింద, పిర్రల మీద పుట్టుకతో ఉండే నీలం మచ్చల్ని కమిలిన దెబ్బలని పొరబడే ప్రమాదమూ ఉంది. ఆ మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడి పిల్లల డాక్టరు దగ్గర ముందే రికార్డులో రాయించి, ఊరి నుంచి తెచ్చిన టీకా కార్డుతో పాటు ఒక నకలు దగ్గర పెట్టుకోండి.