మన బడిలో కంప్యూటర్ గది

మన బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఉమ్మడి రాష్ట్రంలో 5000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ ల్యాబులు ఇచ్చిన 2008 నాటి పథకంలో మనకూ ఒకటి దక్కింది. యంత్రాలు తెచ్చి, నేర్పే మనుషుల్ని పెట్టి, అయిదేళ్లు నడిపి ఆ తర్వాత బడికి అప్పగించడం కంపెనీల బాధ్యత. ఇదంతా అప్పట్లో మాకేం తెలుసు? గుంతకల్లు వైపు నుంచి ఒక మినీ లారీ వచ్చింది, అట్టపెట్టెలు దించారు, స్టోరు గదికి సున్నం కొట్టి కిటికీలకు కర్టెన్లు వేశారు.

ఇప్పుడు నేను ఎమ్మార్సీలో, అంటే మండల విద్యా వనరుల కేంద్రంలో, ఎం.ఐ.ఎస్. కో-ఆర్డినేటర్‌ని. మండలంలోని బడుల వివరాలు అనంతపురం పోయే ముందు నా చేతుల మీదుగా పోతాయి. జిల్లాలో బడుల కంప్యూటర్ పని ఎట్లా పెరిగిందో దగ్గరుండి చూశాను కాబట్టే మన పూర్వ విద్యార్థుల సంఘం సంచికకు ఆ సంగతి రాస్తున్నాను.

ముందు ఆ గది గురించి. మానిటర్లు వరుసగా కనపడేవి గానీ అన్ని సీపీయూలు ఉండేవి కావు. ఒక సీపీయూ నుంచి వైర్లు చిన్న చిన్న పెట్టెల్లోకి, వాటి నుంచి మానిటర్లకు పోయేవి. ఆ ఒక్కటి హ్యాంగ్ అయితే వరుసంతా ఆగిపోయేది. ఒక్కో మానిటర్ ముందు ముగ్గురం. ఒకరికి మౌస్, ఒకరికి కీబోర్డు, మూడోవాళ్లు చూస్తూ కూర్చోవాలి. మేడం చప్పట్లు కొడితే చోట్లు మారాలి. కరెంటు పోయి యూపీఎస్ కుయ్‌కుయ్‌మంటే "సేవ్ చేయండి, సేవ్ చేయండి" అని మేడం గట్టిగా అరిచేవారు. ఎండాకాలం కోతల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నామో.

ఆ మేడం ఎక్సెల్ నేర్పిన తీరు మా బ్యాచ్ వాళ్లెవరూ మరిచిపోలేదు. పుస్తకంలో లెక్కలన్నీ ఏదో కంపెనీ అమ్మకాల మీద ఉండేవి. ఆమె అది పక్కన పెట్టి, "మీ నాన్నను అడిగి రండి. ఎకరా శనక్కాయకు విత్తనం ఎంతయింది, మందులకెంత, కూలీలకెంత, ఎన్ని మూటలు పండింది, మూట ఎంతకు పోయింది" అన్నారు. మరుసటి రోజు కాగితాల మీద రాసుకొచ్చాం. వరుసలు కట్టి టైపు చేశాం. అడుగున ఫార్ములా కొట్టగానే చాలామందికి మైనస్ గుర్తు వచ్చింది. నా పక్కన కూర్చున్న పిల్లవాడు "మేడం, నాది లెక్క తప్పింది" అన్నాడు. ఆమె వంగి ప్రతి గడీ చూసి, "లెక్క సరిగ్గానే ఉంది నాయనా" అన్నారు. వాడు ఆ సాయంత్రం మళ్లీ నాన్నను అడిగాడట, ఇంట్లో వాళ్ల కూలి కూడా లెక్క వేయాలా అని. కంప్యూటర్ ఎందుకు నేర్చుకోవాలో నాకు ఆ రోజే అర్థమైంది. ఆ వరుసలోని అమ్మాయి ఒకామె 2010లో పది పాసై ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి పోయింది. అక్కడ ఇచ్చిన ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే భయం వేయలేదని చెప్పింది. ముందే మౌస్ పట్టిన చెయ్యి కదా.

2013లో అయిదేళ్ల ఒప్పందం అయిపోయింది. రాష్ట్రమంతటా నేర్పేవాళ్లను ఇళ్లకు పంపించేశారు. మన మేడం కూడా పోయారు. ఆమెకు వచ్చింది చాలా చిన్న జీతం, అయినా ఒక్క పీరియడ్ వదిలేవారు కాదు. గదికి తాళం పడింది. యంత్రాలు పాడయ్యాక తాళం పడలేదు, తాళం పడ్డాక యంత్రాలు పాడయ్యాయి. బ్యాటరీలు ఉబ్బాయి, వైర్లు ఎలుకలు కొరికాయి.

అదే కాలంలో ఆఫీసు వైపు పని మాత్రం ఆగకుండా పెరిగింది. నేను చదువుకునే రోజుల్లో సెప్టెంబరు 30 నాటి లెక్కతో డైస్ ఫారం, అంటే ఏటా బడి వివరాలు ప్రభుత్వానికి పంపే ఫారం, చేత్తో నింపేవారు. ఏ తరగతిలో ఎందరు, గదులెన్ని, కుళాయి ఉందా, ఇట్లా. ఆ ఫారాలన్నీ సంచిలో వేసుకుని ఎమ్మార్సీకి తెచ్చేవారు. 2012-13లో యూడైస్ వచ్చింది, 2018-19 నుంచి యూడైస్ ప్లస్ పేరుతో బడి నుంచే ఆన్‌లైన్‌లో ఎక్కించడం మొదలైంది. 2022-23 నుంచి తరగతికి ఎందరని చెబితే చాలదు, ఒక్కో పిల్లవాడి వివరాలూ విడివిడిగా ఇవ్వాలి.

ఇందులో మేలు ఉంది. మన వైపు పనుల్లేక బెంగళూరు వలస పోయే కుటుంబాలు ఎక్కువ. వెనక రిజిస్టరులో పిల్లవాడి పేరు కొట్టేస్తే వాడు ఏమయ్యాడో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు వాడి పేరు ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్స్ అనే, బడి వదిలినవాళ్ల జాబితాలో ఉంటుంది, అక్కడి బడిలో చేరితే వాళ్లు అక్కడి నుంచి తీసుకుంటారు. అట్లా దొరికిన ప్రతి పేరూ నాకు సంతోషమే. చిక్కు కూడా ఉంది. ఒక్కో విద్యార్థికి ఇచ్చే అపార్ అనే గుర్తింపు నంబరు రావాలంటే బడి రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు ఒకటే ఉండాలి. హనుమంతు ఒకచోట, హనుమంతరాయుడు ఇంకోచోట. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఇంకోదాంట్లో వెనక. కూలి మానుకుని వచ్చి క్యూలో నిలబడే తల్లిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఈ పని పడిన రోజుల్లో టీచర్లు పాఠం మధ్యలో ఫోన్ చూసుకోక తప్పడం లేదు. ఆ టెన్షన్ వాళ్ల ముఖంలో కనిపిస్తుంది.

యంత్రాలకూ కొరత లేదు ఇప్పుడు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చారు, ఆ తర్వాత తరగతి గదుల్లో పెద్ద తెరలు బిగించారు. 2025లో పదో తరగతి ఫలితాలు వాట్సాప్‌లో కూడా వచ్చాయి. మేమైతే నెట్ సెంటర్ ముందు గుంపుగా నిలబడి నంబరు చెప్పుకున్నాం. ఇవన్నీ మంచి మార్పులే. అయితే తెర మీద పాఠం చూడటం వేరు, తానే ఒక లెక్క కట్టి, తప్పితే సరిచేసుకోవడం వేరు. రెండోదానికి పక్కన ఒక మనిషి ఉండాలి. మన బడిలో ఇప్పటికీ రెగ్యులర్ కంప్యూటర్ టీచర్ పోస్టు లేదు. ప్రభుత్వం దాన్ని మంజూరు చేయాలని మనం గట్టిగా అడగాలి.

అది వచ్చేదాకా ఊరుకోవద్దని నా మనవి. సంఘం తరఫున ఈసారి ఇంకో ప్రొజెక్టరో, ఇంకో పది కుర్చీలో కొనే మాట వచ్చింది. ఆ డబ్బుతో మన ఊళ్లోనే డిగ్రీ కంప్యూటర్స్ చదివి ఖాళీగా ఉన్న ఒక అమ్మాయినో అబ్బాయినో ఏడాదికి పెట్టుకుందాం, మర్యాదైన జీతం ఇద్దాం. ఆ గదికి కొత్త బ్యాటరీలు వేయిద్దాం. హెడ్మాస్టర్ గారితో మాట్లాడాను, తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకుంటే తనకు అభ్యంతరం లేదన్నారు. మా 2010 బ్యాచ్ మొదటి వాటా వేస్తుంది. బడి జూన్‌లో తెరుస్తారు కాబట్టి మే నెలలోపు మిగతా బ్యాచ్‌ల వాళ్లు మాట చెప్పండి. జమాఖర్చులు రాసి నోటీసు బోర్డు మీద పెట్టే పని నేను చూసుకుంటాను.