మా సాధు గుర్రాన్ని అమ్మిన అనుభవం

పిల్లలు పెద్దవాళ్లై ఎవరి దారిన వాళ్లు వెళ్లాక మా గుర్రం మీద స్వారీ చేసేవాళ్లే లేకుండా పోయారు. దానికి 14 ఏళ్లు. బాగా చూసుకుంటే గుర్రాలు 25, 30 ఏళ్లు కూడా బతుకుతాయి. ఇంకా అంత ఆయుష్షున్న జీవిని ఊరికే కట్టేసి ఉంచడం ఇష్టంలేక అమ్మాలనుకున్నాం.

ప్రకటనలో "చాలా సాధువు, పిల్లలకు మంచిది" అని రాసి ఊరుకోలేదు. అలా అందరూ రాస్తారు. ట్రాక్టర్ పక్కనుంచి పోయినా బెదరదనీ, గిట్టలు శుభ్రం చేయబోతే కాలు తనే ఎత్తి ఇస్తుందనీ రాశాను. ఒంటరిగా వదిలితే సకిలిస్తూనే ఉంటుందనీ, ఎక్కడికైనా తీసుకెళ్లే బండి ఎక్కడానికి మొరాయిస్తుందనీ కూడా రాశాను.

కొనేవాళ్లు వచ్చే రోజు ముందుగా దాన్ని తిప్పలేదు. పరిగెత్తించి అలసిపోయేలా చేస్తే ఏ గుర్రమైనా నెమ్మదిగానే కనిపిస్తుంది, అది నాకు నచ్చని పద్ధతి. వాళ్ల కళ్లముందే పచ్చికలోంచి పట్టుకొచ్చి, ఒళ్లు తోమి, జీను కట్టి, ముందు నేనెక్కాను. తర్వాత ఆ ఇంటి తల్లి, చివర్లో పాప. పాప ఓ పక్కకి ఒరిగింది. గుర్రం వెంటనే ఆగి, చెవులు వెనక్కి తిప్పి, పాప సర్దుకునేదాకా కదల్లేదు. దాన్ని ఇచ్చేది ఈ ఇంటికే అని నాకప్పుడే తేలిపోయింది. అంతకుముందు ఒకాయన ఎక్కువ ధర ఇస్తానన్నా, ఆయనకి కావాల్సింది పోటీల్లో ఎత్తులు దూకే గుర్రం, అందుకే ఇవ్వలేదు.

పరీక్షకు మా డాక్టర్ని కాకుండా వాళ్లకు నచ్చిన పశువైద్యుణ్ణే తెచ్చుకోమన్నాను. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. అది సరిగ్గానే ఉంది. తర్వాత కుంటుతుందేమో చూడటానికి ఒక్కో కాలినీ కాసేపు మడిచి పట్టుకుని, వదలగానే పరిగెత్తించి చూశారు. వెనక కాలు కాస్త బిగుసుకుంది, అది వాళ్లకు ముందే చెప్పాను. మత్తు మందులేమైనా ఇచ్చామేమో తేల్చడానికి రక్తం కూడా తీసుకున్నారు. తీసుకోవాలి కూడా.

ఒప్పందంలో ఒక్కటే అడిగాను: ఎప్పుడైనా అమ్మదలిస్తే ముందు మాకు చెప్పాలని. దాణా ఒక్కసారిగా మార్చేస్తే గుర్రానికి కడుపునొప్పి వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. అందుకే పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా, వారం పది రోజుల పాటు కలపమని మా దాణా కూడా బస్తాల్లో ఇచ్చి పంపాను. జీను కూడా ఇచ్చేశాను. దాని వీపుకు సరిగ్గా కుదిరే జీను మళ్లీ దొరకాలంటే కష్టం.