పాత జిప్సీ ఐడ్లింగ్, అందరూ ముందుగా తిప్పే ఆ స్క్రూ

గాలి, పెట్రోలు కలిపే కార్బురేటర్ ఉన్న పాత మారుతి జిప్సీ సిగ్నల్ దగ్గర వణుకుతూ, ఏ క్షణాన ఆగిపోతుందో తెలియనట్టుగా నిలబడితే, మన ఊళ్లలో చాలామంది మెకానిక్‌లు చేసే మొదటి పని స్క్రూడ్రైవర్ అందుకుని కార్బురేటర్ పక్కనున్న, ఇంజిన్ వేగం పెంచే స్క్రూను అరచుట్టు తిప్పడం. ఇంజిన్ కాస్త వేగంగా తిరిగి వణుకు తగ్గినట్టు కనిపిస్తుంది, యజమాని డబ్బులిచ్చి బయటపడతాడు, కొద్ది రోజులకే ఆ బండి అదే షెడ్డు ముందుకు వస్తుంది. ఆ స్క్రూను మొత్తం పరీక్షలన్నీ అయ్యాక, చిట్టచివర మాత్రమే ముట్టుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. నా బండి విషయంలో వరుసగా ఏమేం చూశామో, ఏ పరీక్ష ఏ కారణాన్ని తేల్చిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నాది 1996లో 1.3 లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన జిప్సీ కింగ్ తరానికి చెందిన బండి. ఎనిమిది వాల్వులు, ఒక కార్బురేటర్, ప్లగ్గులకు కరెంటు పంచే ఒక డిస్ట్రిబ్యూటర్. కంప్యూటర్ జోక్యం ఎక్కడా లేదు. 2000లో వచ్చిన పదహారు వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే) జిప్సీకి ఇక్కడ రాసినదంతా వర్తించదు, ఎందుకంటే అక్కడ ఐడ్లింగ్‌ను, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరగడాన్ని, నడిపేది సెన్సర్లు. వారమంతా హనుమకొండ వీధుల్లో తిరిగే ఈ బండి సెలవు దొరికినప్పుడు ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం వైపు, లేదంటే నర్సంపేట మీదుగా పాకాల వైపు మట్టి దారులు పడుతుంది. వానాకాలంలో ఒర్రెలు కూడా దాటుతుంది. దాని లక్షణం స్పష్టంగానే ఉండేది: పొద్దున చోక్ లాగి స్టార్ట్ చేస్తే బుద్ధిగా తిరిగేది, ఇంజిన్ వేడెక్కి చోక్ తీగను లోపలికి నెట్టేశాక సిగ్నల్ దగ్గర వణికేది, యాక్సిలరేటర్ కాస్త తొక్కగానే ఆ వణుకు మాయమయ్యేది.

ఈ చివరి మాటలోనే సగం సమాధానం ఉంది. ఐడ్లింగ్‌లో గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి ఇంజిన్ లోపలికి వెళ్లే గాలి చాలా తక్కువ, పలక కింద, సిలిండర్లకు గాలిని పంచే మానిఫోల్డ్‌లో ఏర్పడే శూన్యత చాలా ఎక్కువ. అలాంటి వేళ ఎక్కడో పగిలిన రబ్బరు పైపు నుంచో, వదులైన ప్యాకింగ్ నుంచో దొంగతనంగా దూరే కొద్దిపాటి గాలి కూడా మొత్తం గాలి–పెట్రోలు మిశ్రమంలో పెద్ద భాగమై దాన్ని పలుచన చేస్తుంది. థ్రాటిల్ తెరిచాక అదే కొద్దిపాటి గాలి లెక్కలోకి రాదు. కనుక వేగం పెంచితే పోయే వణుకుకు గాలి లీకునో, కార్బురేటర్‌లో ఐడ్లింగ్‌కు పెట్రోలు ఇచ్చే సన్నని రంధ్రమైన స్లో జెట్ దారినో ముందుగా అనుమానించాలి; వేగం పెంచినా, ఎత్తు ఎక్కుతున్నప్పుడూ పోని మిస్సింగ్‌కు ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం నొక్కుకునే ఒత్తిడి) వైపు చూడాలి. వేగం స్క్రూ తిప్పడం తప్పుడు వైద్యం ఎందుకంటే, అది థ్రాటిల్‌ను కొద్దిగా తెరిచి, స్లో జెట్‌తో పాటు దాని పైనున్న చిన్న రంధ్రాల నుంచి కూడా పెట్రోలు లాగించి, అసలు లోపాన్ని కప్పేస్తుంది.

మా వీధి చివర షెడ్డు నడిపే పెద్దమనిషిని అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. బండి చూపించినప్పుడు ఆయన బానెట్ తెరిచి చేసిన మొదటి పని వేడి ఇంజిన్ తిరుగుతుండగా చోక్ తీగను కొద్దిగా లాగడం. వణుకు తగ్గింది. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది, కాబట్టి దాంతో ఇంజిన్ వణుకు తగ్గిందంటే అంతకుముందు మిశ్రమం పలుచగా ఉందన్నమాట. అదే లాగుడుకు నల్ల పొగ వచ్చి ఇంజిన్ మరింత తడబడితే, పెట్రోలు ఎక్కువై ఇబ్బంది పడుతోందనో, లోపం మరొక చోట ఉందనో తెలుస్తుంది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

మిశ్రమం పలుచబడటానికి నేటి పెట్రోలు కూడా కొంత కారణమే. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు 2023లో బంకుల్లోకి రావడం మొదలైంది, 2025 నాటికి దేశమంతటా అదే మామూలైంది. శుద్ధ పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువు లెక్కన ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు సుమారు 9 పాళ్లు చాలు. ఇరవై శాతం కలిస్తే అది దాదాపు 13.5కు దిగుతుంది. ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజిన్ ఈ తేడాను తానే సరిదిద్దుకుంటుంది. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. పాత పెట్రోలుకు చేసిన సెట్టింగ్‌లోనే ఉండి అదే మేరకు పలుచని మిశ్రమం ఇస్తుంది. అయితే ఈ ఒక్క కారణం చేతనే బండి సిగ్నల్ దగ్గర ఆగిపోవడం అరుదు. అప్పటికే చిన్న లీకు ఉన్న ఇంజిన్ మీద ఇది అదనపు భారం అవుతుందే తప్ప, ప్రతి వణుకునూ ఇథనాల్ ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం సబబు కాదు. ఇథనాల్ వల్ల అంతకంటే నిజమైన నష్టం పాత రబ్బరు పైపులకు, డయాఫ్రమ్‌లనే పలుచని రబ్బరు పొరలకు. అవి మెత్తబడి, పగిలి, కొత్త లీకులకు దారి తీస్తాయి.

తర్వాతి పరికరం మానిఫోల్డ్‌లోని శూన్యతను కొలిచే వాక్యూమ్ గేజి. ఎందుకనో మన మెకానిక్‌లలో చాలామంది దీన్ని వాడరు. నాకైతే పాత పెట్రోలు ఇంజిన్‌కు ఇంతకంటే నిజాయితీగల సాక్షి కనిపించలేదు. బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే పైపులో ఒకవైపే గాలిని పోనిచ్చే వాల్వు ఉంటుంది, దానికి ఇంజిన్ వైపున గేజి తగిలించాలి. సముద్రమట్టంలో ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కన) వరకు చూపుతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది కాబట్టి, ఎత్తు అంతకు కాస్త అటూ ఇటూ ఉండే మన వరంగల్‌లో 16 నుంచి 20 మధ్య నిలకడగా ఉంటే సంతోషించవచ్చు. సూది నిలకడగానే ఉండి బాగా కిందికి ఉంటే గాలి లీకు గాని, ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడటం గాని, టైమింగ్ బెల్టు ఒక పన్ను జారడం గాని కావచ్చు. ఒకే లయలో మాటిమాటికీ కిందికి జారిపోతుంటే ఏదో ఒక సిలిండర్‌లో వాల్వు సరిగా మూసుకోవడం లేదని అర్థం. నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతుంటే మిశ్రమం సెట్టింగ్ మీదికి అనుమానం పోవాలి.

నా బండి సూది 14 దగ్గర ఉంది, పైగా ఒకే లయలో సన్నగా కిందికి జారుతోంది. అంటే ఒకటి కాదు, రెండు లోపాలు. ఈ రెండో సంగతి గేజి లేకుండా తెలిసేదే కాదు.

ముందు లీకు వెతికాం. బ్రేక్ బూస్టర్ పైపును, క్రాంక్‌కేస్ గాలి తిరిగొచ్చే పైపును ఒక్కొక్కటిగా గుడ్డ చుట్టిన ప్లయర్‌తో నొక్కి పట్టుకుంటే ఇంజిన్ శబ్దంలో తేడా రాలేదు; వచ్చి ఉంటే ఆ దారిలోనే లీకు ఉన్నట్టు. తర్వాత కార్బురేటర్ అడుగున, మానిఫోల్డ్ అతుకుల వెంట కార్బురేటర్ క్లీనర్‌ను సన్నగా స్ప్రే చేశాం. కార్బురేటర్ కిందనున్న మందపాటి ఇన్సులేటర్ ముక్క అంచున పడగానే ఇంజిన్ వేగం ఒక్కసారిగా మారింది. లీకు అక్కడే. ఈ స్ప్రేకు మంట అంటుకునే గుణం ఉంది కాబట్టి ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ వైపుకు, నిప్పురవ్వ రాగల ప్లగ్ వైర్ల వైపుకు కొట్టకూడదు, పక్కన మంటలార్పే సిలిండర్ ఉంచుకోవాలి; భయమున్నవాళ్లు సబ్బునీళ్లతోనైనా కొంతవరకు పని జరుపుకోవచ్చు. గతుకుల దారుల్లో తిరిగే బండికి ఈ చోట లీకు రావడం వింతేమీ కాదు. అదురుకు నట్లు వదులవుతాయి, వదులైనవాటిని బలమంతా పెట్టి ఒక మూలే బిగిస్తే అడుగు పలక వంకర పోతుంది. ఉస్తాద్ ఆ ముక్కను అద్దం మీద పెట్టి చూసి, ఇసుక కాగితంతో సమం చేసి, ఆటోనగర్ నుంచి తెప్పించిన కొత్త ప్యాకింగ్‌లు వేసి, నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాడు. సూది 17కు లేచింది. అంతకుముందు మరొక షెడ్డులో ఆ స్క్రూ ఎన్ని చుట్లు తిరిగిందో చెబితే ఆయన నవ్వి, “గాలి ఏడికెళ్లి వస్తుందో సూడకుంట స్క్రూ తిప్పితే ఏమొస్తది సార్” అన్నాడు.

మిగిలింది సూది జారుడు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండర్ నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు ఆరేడు సార్లు మండుతుంది. ఒకటి బలహీనపడితే ఆ లయలోనే బండి కుదుపుతుంది. ఏది బలహీనమో తెలుసుకోవడానికి రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో ప్లగ్ వైర్లను ఒక్కొక్కటిగా తీసి, ఊడిన వైరును ఖాళీగా వదలకుండా బాడీకి ఎర్త్ చేసి చూడాలి. మంచి సిలిండర్ వైరు తీస్తే ఇంజిన్ కుంగుతుంది, పనిచేయని సిలిండర్‌ది తీస్తే తేడా ఉండదు. మూడో సిలిండర్ దగ్గర కుంగు మిగతావాటికంటే స్పష్టంగా తక్కువగా ఉంది. పొగగొట్టం మూతికి కాగితం ముక్క అడ్డం పెడితే అది మధ్యమధ్యలో లోపలికి పీల్చుకుంటోంది కూడా, ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోనప్పుడు కనిపించే గుర్తు అది.

కంప్రెషన్ గేజి పెట్టాక మూడో సిలిండర్ మిగతా మూడింటికంటే తక్కువ చూపింది. ప్లగ్ రంధ్రంలో కొద్దిగా ఆయిల్ పోసి మళ్లీ చూస్తే అంకె పెరగలేదు కనుక రింగులు బాగున్నాయి, లోపం వాల్వు వైపే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక పై మూత తీసి సందులు కొలిచే ఫీలర్ గేజితో చూస్తే ఆ ఎగ్జాస్ట్ వాల్వు టాపెట్ సందు (వాల్వుకు, దాన్ని నొక్కే భాగానికి మధ్య ఉండాల్సిన ఖాళీ) దాదాపు లేదు. ఏళ్ల తరబడి వాడిన ఇంజిన్‌లో వాల్వు తన సీటులోకి మెల్లగా దిగి, సందును తినేస్తుంది. వేడెక్కి వాల్వు కాడ సాగినప్పుడు ఆ కాస్త సందూ పోయి, మూసుకోవలసిన వేళ వాల్వు తెరిచే ఉంటుంది. తక్కువ వేగంలో కారిపోవడానికి ఎక్కువ సమయం దొరుకుతుంది కాబట్టి నష్టం ఐడ్లింగ్‌లోనే బయటపడుతుంది. టాపెట్ చప్పుడు చేస్తే అందరం బిగించమంటాం గాని, నిశ్శబ్దంగా బిగుసుకుపోయిన టాపెట్ అంతకంటే ప్రమాదకరం; అలాగే వదిలేస్తే వాల్వు అంచు కాలిపోయి హెడ్ విప్పాల్సి వస్తుంది. అదృష్టవశాత్తు నా బండిలో అంచు కాలలేదు. ఎనిమిదింటికీ మాన్యువల్ ప్రకారం సందు పెట్టాక మూడో సిలిండర్ కంప్రెషన్ మిగతావాటి దరికి చేరింది, సూది జారుడు ఆగింది.

ఇగ్నిషన్ సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే నా బండిలో అది బాగానే ఉంది. ఒర్రెలు దాటే బండికి డిస్ట్రిబ్యూటర్ మూత లోపల తడి చేరడం సాధారణం. మూత తీసి ఆరబెట్టి, లోపల పెన్సిలుతో గీసినట్టు నల్లటి సన్నని గీత ఉంటే మూత మార్చాలి, కరెంటు ఆ గీత వెంట పారిపోతుంది. ప్లగ్ వైర్ల లీకును చీకట్లో బానెట్ తెరిచి చూస్తే నీలి మెరుపులుగా కనబడుతుంది.

పెట్రోలు వైపు మాత్రం అడవి దారుల బండ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. చదునైన రోడ్డు మీద ట్యాంకు అడుగున పేరుకున్న తుప్పు, మురికి గతుకుల్లో కదిలి ఫిల్టర్ దాకా వస్తుంది. ఫిల్టర్ దాటిన నలుసు చేరేది మొదట అతి సన్నని స్లో జెట్‌లోకే. అలాంటప్పుడు లక్షణాలు గాలి లీకు లక్షణాల్లాగే ఉంటాయి, కాని స్ప్రే ఎక్కడ కొట్టినా ఒక చోటంటూ తేలదు. చాలా కార్బురేటర్లలో ఇంజిన్ ఆపగానే స్లో జెట్ దారిని మూసే, కరెంటుతో పనిచేసే చిన్న సోలెనాయిడ్ కూడా ఉంటుంది. దాని వైరు ఊడినా ఇదే లక్షణం. తాళం తిప్పితే అక్కడ టిక్కుమని చప్పుడు వస్తోందో లేదో వినడం అర నిమిషం పని. కొన్నాళ్లు నిలిపిన బండి అయితే పెట్రోలు ట్యాంకు గాలిగొట్టంలో మట్టితో గూడు కట్టే కందిరీగ దూరిందేమో కూడా చూడాలి.

ఇవన్నీ అయ్యాకే ఉస్తాద్ స్క్రూడ్రైవర్ పట్టాడు. గేజి తగిలించే ఉంచి, మిశ్రమం స్క్రూను సూది అత్యధికంగా లేచేదాకా తిప్పి, అక్కడి నుంచి వేగం స్క్రూతో ఇంజిన్‌ను సుమారు 800 ఆర్‌పీఎంకు తెచ్చి, మళ్లీ మిశ్రమాన్ని సరిచూశాడు. సూది 18 మీద నిలిచింది. సిగ్నల్ దగ్గర ఇప్పుడు బండి ఆగిపోతుందన్న బెంగ లేదు. గేర్ రాడ్ మాత్రం ఇంకా సన్నగా అదురుతోంది. బానెట్ తెరిచి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ కొద్దిగా వదిలినప్పుడు ఇంజిన్ ఒక పక్కకు ఎక్కువగా ఒరుగుతోందంటే అది ఐడ్లింగ్ లోపం కాదు, ఇంజిన్ కిందనున్న రబ్బరు మౌంటింగ్‌లు చిరిగాయన్నమాట. నా బండికి కుడివైపుది చిరిగింది. రెండూ ఒకేసారి మార్చమని ఉస్తాద్‌తో చెప్పాను.