జియానిస్‌కి ఇరవై రెండో ర్యాంకు ఇచ్చానని నన్ను మ్యూట్ చేశారు

2025-26 సీజన్ డ్రాఫ్ట్ (వంతులవారీగా ఎవరి టీమ్‌కి వాళ్లు ఆటగాళ్లని ఎంచుకోవడం) అయిపోయింది, మొదటి వారం ఆటలు కూడా అయిపోయాయి, నా కడుపుమంట మాత్రం చల్లారలేదు. అది చల్లారేలోపే రాసేద్దామని కూర్చున్నా. ఎన్‌బీఏ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్, జియానిస్ అందులో పెద్ద స్టార్. ఆ ఆటగాళ్లతో కాగితం మీద టీమ్ కట్టి, వాళ్ల నిజం ఆటల అంకెలతో పోటీపడేది ఫాంటసీ లీగ్. దానికి ర్యాంకింగ్ షీటు సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్లు మన గుంటూరు, బెజవాడల్లో ఒకరిద్దరున్నా వాళ్లకి పనికొస్తుంది.

మాది చుట్టాలూ క్లాస్‌మేట్లూ కలిసిన పది టీమ్‌ల లీగ్. ఎక్కువమంది డాలస్, న్యూజెర్సీల్లో ఉంటారు, ఇద్దరు హైదరాబాద్‌లో. ఇక్కడ మిగిలింది నేనే. మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. లీగ్‌ని నడిపేది మా మేనమామ కొడుకు, డాలస్ బావ. అరీనాలో కూర్చుని మ్యాచ్ చూసిన మనిషి. ఆ సంగతి ప్రతి కాల్‌లోనూ ఒకసారి చెబితేగానీ ఆయనకి తోచదు. డబ్బులేమీ కట్టం. గెలిచినవాడికి ఏడాదంతా వాట్సాప్ గ్రూపు పేరు మార్చే హక్కు, అంతే.

ఆ "డబ్బులు కట్టం" అన్న ముక్క మా ఇంట్లో నమ్మించడానికే చాలా తిప్పలు పడ్డాను. తెల్లవారకముందే లేచి ఫోన్‌లో అంకెలు చూసుకుంటుంటే నాన్న, "ఏందిరా, క్రికెట్ చాలక దీని మీద కూడా కడుతున్నావా?" అన్నాడు. ఆన్‌లైన్‌లో పందెం ఆటల్ని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చి డబ్బు కట్టే ఆటలన్నీ ఆపేసింది, ఇది ఉత్త లెక్కల ఆట అని చెప్పాను. ఆయన అంతా విని, "అయితే లాభమేంటి?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

లెక్కలు తెచ్చుకోవడం సులువు. బాస్కెట్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్‌లో 2024-25 సీజన్ పట్టిక మొత్తం దొరుకుతుంది, ఎక్సెల్‌లో పెట్టుకోవడమే. గాయాలు చూసుకోవడం కూడా సులువే గానీ మనసు బాధగా ఉంటుంది. లిల్లార్డ్, టేటమ్, హాలిబర్టన్ ముగ్గురికీ ఒక్క ప్లేఆఫ్స్‌లోనే (సీజన్ చివరి నాకౌట్ పోటీలు) మడమ వెనకుండే అకిలీస్ స్నాయువు తెగింది. హాలిబర్టన్‌కైతే ఓక్లహోమాతో ఫైనల్స్ ఏడో మ్యాచ్‌లో. ముగ్గురి వరసలకీ ఎరుపు రంగు పూసి కిందకి తోసేశా.

మా లీగ్‌లో తొమ్మిది అంశాలు: పాయింట్లు, రీబౌండ్లు (తప్పిన బంతిని అందుకోవడం), అసిస్ట్‌లు (బుట్టలో వేసేవాడికి బంతి అందించడం), స్టీల్స్ (ఎదుటివాడి బంతి లాక్కోవడం), బ్లాకులు (షాట్‌ని అడ్డుకోవడం), త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), టర్నోవర్లు (బంతి పోగొట్టుకోవడం, తక్కువైతేనే మంచిది), ఫీల్డ్ గోల్ శాతం (ఆట నడుస్తుండగా వేసిన షాట్లలో పడినవి), ఫ్రీత్రో శాతం (ఫౌల్ అయినప్పుడు అడ్డం లేకుండా వేసే షాట్లలో పడినవి). ప్రతి వారం ఒకరితో పోటీ, అంశానికొక గెలుపు. పాయింట్లు బాగా కొట్టేవాడు గొప్పవాడు అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. పాయింట్లు ఎవడైనా తెస్తాడు. అట్లాంటా కుర్రాడు డైసన్ డేనియల్స్ మ్యాచ్‌కి 3 స్టీల్స్ చేశాడు, వెంబన్యామా 3.8 బ్లాకులు. అలాంటివాళ్లు ఇంకొకరు దొరకరు. అందుకే ప్రతి అంశంలోనూ ఆటగాడు సగటుకి ఎంత ఎగువన ఉన్నాడో స్టాండర్డ్ డీవియేషన్‌తో (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) కొలిచి, తొమ్మిదీ కూడాలి (టర్నోవర్లకి మైనస్ గుర్తుతో). బీకాంలో చదివిందే. సగటు తీసేటప్పుడు లీగ్‌లో ఆడిన ఐదొందల పైచిలుకు మందినీ కలపకండి. పది టీమ్‌లకి పదమూడుగురు చొప్పున నూట ముప్పై మందే కావాలి, వాళ్ల సగటే తీయండి. బెంచి మీద కూర్చునేవాళ్లని కలిపితే ప్రతివాడూ దేవుడిలాగే కనిపిస్తాడు.

ఇంతవరకూ పేచీ లేదు. శాతాల దగ్గరకి వచ్చేసరికి మొదలైంది అసలు కథ.

బావ ఎక్కడినుంచో రెడీమేడ్ షీటొకటి తెచ్చి గ్రూపులో పెట్టాడు, "అందరూ దీన్నే వాడండి, టైమ్ వేస్ట్ చేసుకోకండి" అని. తెరిచి చూస్తే ఫ్రీత్రో వరసలో మిల్వాకీ టీమ్ జియానిస్ కంటే డేనియల్స్ కింద ఉన్నాడు. ఎందుకంటే జియానిస్ శాతం 61.7, డేనియల్స్‌ది 59.3. అంకెలు చూస్తే నిజమే. కానీ నాకు ఎక్కడో తేడా కొట్టింది. జియానిస్ మ్యాచ్‌కి 10.6 ఫ్రీత్రోలు వేస్తాడు. డేనియల్స్ మహా అయితే రెండు. ఇద్దరూ నా టీమ్‌కి చేసే నష్టం ఒకటేనా?

కొట్లో కూర్చునే తేల్చుకున్నా. అక్టోబరులో యార్డుకి వచ్చేదంతా కోల్డ్ స్టోరేజీ సరుకు, కొత్త పంట రోజుల్లో ఉండే తాకిడి ఉండదు, తీరిక దొరుకుతుంది. ఇద్దరు రైతుల సరుకు వచ్చిందనుకోండి. ఇద్దరిదీ మంచి తేజా రకం మిర్చి, ఇద్దరికీ కాస్త తాలు (రంగు పోయిన నాసి కాయ). ఒకాయనకి తాలు రెండు టిక్కీలు (బస్తాలు), ఇంకొకాయనకి పాతిక. తాలు ధర ఇద్దరికీ ఒకటే. పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాసేటప్పుడు ఇద్దరికీ ఒకే సగటు వేస్తే పాతిక టిక్కీల ఆయన నవ్వుకుంటూ వెళ్తాడు, రెండు టిక్కీల ఆయన నా కాలర్ పట్టుకుంటాడు. ధర ఒక్కటే చూస్తే సరిపోదు, ఎన్ని టిక్కీలో కూడా చూడాలి. యార్డులో పనిచేసే ఏ గుమాస్తాకైనా ఇది తెలుసు.

కాబట్టి శాతం కాలమ్ తీసేసి కొత్త కాలమ్ వేశా: వేసిన ఫ్రీత్రోల సంఖ్యని, ఆటగాడి శాతానికీ లీగ్ సగటుకీ ఉన్న తేడాతో హెచ్చవేయడం. పోయిన సీజన్ సగటు 78 శాతం. జియానిస్ 78కి 16.3 శాతం తక్కువ, 10.6తో హెచ్చవేస్తే మ్యాచ్‌కి 1.7 ఫ్రీత్రోల లోటు. డేనియల్స్ లోటు అర కూడా లేదు. ఇటువైపు లాభం చూడండి. షాయ్ గిల్జియస్ అలెగ్జాండర్‌ది 89.8 శాతం, 8.8 ఫ్రీత్రోలు, అంటే మ్యాచ్‌కి ఒకటి పైన లాభం. స్టెఫ్ కర్రీ 93.3 శాతంతో లీగ్‌లోనే మొదటివాడు, కానీ వేసేది నాలుగు చిల్లర, లాభం ముప్పావు కూడా రాదు. ఫ్రీత్రోల్లో కర్రీ కంటే షాయ్ విలువైనవాడని ఆ రెడీమేడ్ షీటు జన్మలో చెప్పదు. ఫీల్డ్ గోల్ శాతానికీ ఇదే సూత్రం. గోబేర్ అరవై దాటి కొడతాడు గానీ వేసేదే కొద్ది. యోకిచ్ యాభై ఏడు చిల్లర శాతం, వేసేది మ్యాచ్‌కి పంతొమ్మిది పైన. నా షీటులో యోకిచ్ మొదటి వరసలో కూర్చున్నాడు. పోయిన సీజన్ 29.6 పాయింట్లు, 12.7 రీబౌండ్లు, 10.2 అసిస్ట్‌లు సగటున చేసినవాడు అక్కడ కూర్చోకపోతే షీటు మీదే అనుమానం రావాలి.

జియానిస్ జారి ఇరవై రెండులో పడ్డాడు. మళ్లీ మళ్లీ చూశా. అక్కడే ఉన్నాడు.

డ్రాఫ్ట్‌కి వారం ముందు మాక్ డ్రాఫ్ట్ (ప్రాక్టీసు డ్రాఫ్ట్) కాల్ పెట్టారు. ఎవరి మొదటి పాతికమంది వాళ్లు స్క్రీన్ మీద చూపించాలి. నా వంతు వచ్చింది. రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత న్యూజెర్సీ వైపు నుంచి ఎవరో పకపకా నవ్వారు.

"ఏంటి బావా, జియానిస్ ఎక్కడ? కనపడట్లేదు," అన్నాడు బావ, కనపడుతున్నా.

"ఇరవై రెండులో ఉన్నాడు బావా. ఫ్రీత్రో లెక్క వల్ల. చెప్తా, ఒక్క నిమిషం..."

"మ్యాచ్‌కి ముప్పై కొట్టినోడు! యార్డులో ఘాటు ఎక్కువైనట్టుంది, తుమ్ముతూ టైప్ చేశావా?"

అందరూ నవ్వారు. హైదరాబాద్ వాళ్లు కూడా నవ్వారు, వాళ్ల మీద నాకు ఎక్కువ కోపం. నేను టిక్కీల లెక్కతో మొదలుపెట్టి చెప్పబోయాను. "తేజా" అన్న మాట నోటినుంచి రాగానే మళ్లీ నవ్వులు. గొంతు పెంచాను. పెంచినా ఎవరికీ వినపడటం లేదని కాసేపటికి అర్థమైంది. స్క్రీన్ మీద నా పేరు పక్కన ఎర్ర మైకు గీత. హోస్ట్ మ్యూట్ చేశాడు. నా షీటు తెర మీదే ఉంది, బావ దాన్ని వరసవరసగా చదువుతూ కామెంటరీ చెబుతున్నాడు, నేను నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, తెర వైపు చూసి, ఏమీ అనకుండా గ్లాసు పెట్టి వెళ్లిపోయింది. ఆమె నవ్వినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. శాతం అనేది మన ఊళ్లలో పెద్ద మాయ. లక్ష్మీపురం నుంచి బెజవాడ ఏలూరు రోడ్డు దాకా కాలేజీల హోర్డింగులు చూడండి, ఎన్ని శాతం పాసయ్యారో బండంత అక్షరాల్లో ఉంటుంది, ఎంతమంది రాశారో ఎక్కడా ఉండదు. పదిమంది రాసి పదిమంది పాసైనా వంద శాతమే. అది చూసి ఫీజు కట్టే తండ్రికీ, బావ షీటు చూసి జియానిస్‌ని తీసుకునేవాడికీ తేడా నాకు కనపడదు. కింద ఎంతమంది అని అడగని మనిషి శాతం గురించి మాట్లాడకూడదు. అమెరికాలో మాస్టర్స్ చేసినా సరే.

న్యాయానికి ఇది కూడా చెప్పాలి: జియానిస్ చెడ్డ ఎంపిక ఏమీ కాదు. ఫ్రీత్రో అంశాన్నే వదిలేసుకుని, పంట్ అంటారు దాన్ని, మిగతా ఎనిమిదింటికి టీమ్ కట్టుకుంటే ఆయన బంగారం. కానీ అప్పుడు రెండో రౌండు నుంచి కూడా ఫ్రీత్రో గురించి ఆలోచించకూడదు. గోబేర్ లాంటి పొడుగువాళ్లనే ఎత్తుకోవాలి. సగం వదిలేసి సగం పట్టుకుంటే రెండూ పోతాయి. ఈ ముక్క కూడా ఆ రోజు చెప్పాలనుకున్నా.

ప్రింటు తీయించడం చిన్న పనే గానీ అక్కడా పరువు పోయింది. అరండల్‌పేటలో జిరాక్స్ షాపు కుర్రాడు కాగితాలు తిరగేసి, గొంతు తగ్గించి, "దేని మీదన్నా, మాక్కూడా చెప్పొచ్చుగా," అన్నాడు. పక్కనున్న ఇద్దరు నా మొహం చూశారు. ప్రింటు ఇంట్లోనే తీసుకోండి, లేదా ఫోన్‌లోనే చూసుకోండి.

డ్రాఫ్ట్ దీపావళి ముందురోజు ఆదివారం పొద్దున ఆరున్నరకి. డాలస్‌లో శనివారం రాత్రి ఎనిమిది. అమెరికా వాళ్లకి అనుకూలమైన టైమే పెడతారు, అడగడం కూడా అనవసరం. ఇంకో సంగతి, నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుతారు; అప్పటిదాకా తూర్పు తీరం మ్యాచ్‌లు మనకి తెల్లారి నాలుగున్నరకి, ఆ తర్వాత ఐదున్నరకి. టీమ్ సర్దుకునే గడువు ముందురోజు రాత్రే అనుకుని పడుకోండి.

చీటీల్లో నాకు తొమ్మిదో స్థానం వచ్చింది. స్నేక్ డ్రాఫ్ట్ (రౌండు రౌండుకీ వరస తిరగబడేది) కాబట్టి మొదటి రౌండులో తొమ్మిది, రెండో రౌండు వెనక్కి తిరిగి పన్నెండు. తొమ్మిదిలో కార్ల్ ఆంథొనీ టౌన్స్, పన్నెండులో డేనియల్స్. డేనియల్స్ పేరు నొక్కగానే గ్రూపులో మళ్లీ మిరపకాయ బొమ్మలు పడ్డాయి. పడనీ అనుకున్నా.

బావ నాలుగులో జియానిస్‌ని ఎత్తుకున్నాడు. సంతోషం. నేను ఎదురుచూసింది రెండో రౌండు కోసం. పదిహేడులో ఆయన వంతు రాగానే కర్రీ పేరు పడింది. "జియానిస్ ఫ్రీత్రోలకి కర్రీతో బ్యాలెన్స్," అని పక్కనే మెసేజ్, రెండు కండల బొమ్మలతో. నేను కాగితం వెనక లెక్కేశా. అటు 1.7 లోటు, ఇటు ముప్పావు కూడా లేని లాభం. ఒక కర్రీ సరిపోడు, ముగ్గురు కావాలి. లోకంలో ఉన్నది ఒక్కడు. గ్రూపులో ఏమీ రాయలేదు. మ్యూట్ చేసిన మనిషికి నేనెందుకు చెప్పాలి?

మొదటి వారం నా పోటీ బావతోనే పడింది. ఫ్రీత్రోలు నావి, స్టీల్స్ నావి, ఆదివారం రాత్రికే తేలిపోయింది. మొత్తం వారం ఎవరు గెలిచారన్నది వేరే సంగతి, ఆ కర్రీ త్రీ పాయింటర్లు ఎవరి మాటా వినవు.

సోమవారం పొద్దున కొట్టు తెరుస్తుంటే బావ నుంచి విడిగా మెసేజ్, గ్రూపులో కాదు. "బావా, ఆ ఫ్రీత్రో కాలమ్ ఫార్ములా ఏంటో ఒకసారి షీటు పంపుతావా?" పంపాను. పీడీఎఫ్ చేసి.