మాయల ఫకీరు చిలక, ఏడో ముక్క

వేసవి సెలవుల్లో మా అపార్టుమెంటు పిల్లలకు నేను నడిపిన క్విజ్ పోటీ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయి, ఆ సాయంత్రం ఇక ముందుకు సాగలేదు. విజయవాడ ఎండల సంగతి అందరికీ తెలిసిందే కనుక, పొద్దు వాలి డాబా చల్లబడిన తరువాతే చాపలు పరిచి కూర్చున్నాము. చివరి రౌండు మాయలూ మంత్రాలూ ఉన్న కథల మీద పెట్టాను. హ్యారీ పోటర్ కథలో దుష్ట మాంత్రికుడైన వోల్డెమార్ట్ హార్‌క్రక్స్‌లు ఎన్ని అన్నది ప్రశ్న. చావు రాకుండా ఆత్మలో ఒక ముక్క ఉండే చోటును ఆ కథలో హార్‌క్రక్స్ అంటారు. నేను కాగితం మీద రాసి పెట్టుకున్న జవాబు ఏడు. మా అన్నయ్య కూతురు ఆరు అన్నది. తప్పని చెప్పి, ఏడు అన్న అబ్బాయికి మార్కులు వేశాను.

"అత్తయ్యా, నువ్వు అడిగింది అతను కావాలని చేసుకున్నవి ఎన్ని అనా, మొత్తం ఉన్నవి ఎన్ని అనా?" అని ఆ పిల్ల అడిగింది. నేను ఏమీ చెప్పలేకపోయాను.

ఆ పిల్ల అడిగినదాంట్లో న్యాయం ఉంది. 2005లో వచ్చిన ఆరో పుస్తకంలో హ్యారీ బడి ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ చెప్పిన లెక్క ప్రకారం, వోల్డెమార్ట్ తన ఆత్మను ఏడు ముక్కలు చేయదలచుకున్నాడు. ఏడో ముక్క అతని శరీరంలోనే ఉంటుంది కనుక బయట దాచవలసినవి ఆరే. డైరీ, ఉంగరం, లాకెట్, గిన్నె, కిరీటం, పాము అన్నవి ఆ ఆరు. అయితే చంటిబిడ్డ హ్యారీని చంపబోయిన రాత్రి అతనికి తెలియకుండానే ఒక ముక్క విరిగి ఆ బిడ్డలో చేరిందని 2007 నాటి చివరి పుస్తకంలో బయటపడుతుంది. అప్పుడు లెక్క ఏడవుతుంది. అంటే చేసుకున్నవి ఆరు, ఉన్నవి ఏడు. కథకు ఆయువుపట్టైన తేడాను నా ప్రశ్న ఒక్క అంకెతో చెరిపివేసింది. పోటీ అక్కడే ఆపి ఇద్దరికీ మార్కులు వేశాను కానీ, ఆ తప్పు నన్ను చాలా రోజులు వేధించింది.

ఇలాంటి కథల మీద ప్రశ్న తయారు చేయడం సుళువనుకునేవారు ఎందరో ఉన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. చరిత్ర ప్రశ్నకు జవాబు సరిచూడడానికి నాలుగు గ్రంథాలు దొరుకుతాయి. కల్పిత కథకు మాత్రం ఆ పుస్తకమే సాక్షి, ఆ సాక్షి కూడా అన్నిసార్లూ ఒకే మాట చెప్పదు. ఆంగ్ల రచయిత టోల్కీన్ 1937లో ప్రచురించిన ‘ది హాబిట్’లో, పొడుపుకథల పోటీలో ఓడిపోతే తన ఉంగరం బహుమతిగా ఇస్తానని గొల్లం అనే గుహవాసి తానే పందెం కడతాడు. తరువాతి పెద్ద నవలలో ఆ ఉంగరం ఎవరూ మనస్ఫూర్తిగా వదులుకోలేని వస్తువుగా మారడంతో పాత అధ్యాయం పొసగలేదు; 1951 ముద్రణలో రచయిత దానిని మార్చి రాశాడు. గొల్లం పందెం ఏమిటి అని అడిగితే, ఏ ముద్రణను బట్టి చెప్పాలో కూడా అడిగినవారే చెప్పవలసి ఉంటుంది.

మా పై అంతస్తులో ఉండే తెలుగు మాస్టారిది వేరే అభ్యంతరం. ప్రశ్న ఎలా అడిగారన్నది ఆయనకు ముఖ్యం కాదు. తోకచుక్క సీరియల్ ఎవరు రాశారో తెలియని పిల్లలకు విదేశీ మాంత్రికుడి సామాన్ల జాబితా కంఠస్థం కావడం ఏమిటని ఆయన బాధ. ఆ బాధ నాకూ ఉంది. 1954లో చందమామలో ఆ సీరియల్ మొదలైనప్పుడు రచయిత పేరు వేయలేదు. దానిని రాసిన, గుంటూరు జిల్లాలో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం గారు అటువంటి సీరియళ్లు వరుసగా రాస్తూ పోయారు. లక్షల మంది పిల్లలు నెల నెలా ఎదురుచూసి చదివిన ఆ మనిషి పేరు చాలా మందికి పెద్దయిన తరువాత కానీ తెలియలేదు. క్విజ్‌లో అడగదగిన ప్రశ్నలలో దీనికంటే మంచిది నాకు తట్టడం లేదు. కానీ అది తెలియకపోవడం పిల్లల తప్పు కాదు. వాళ్ల చేతికి ఆ పుస్తకం ఇవ్వని మనది. హ్యారీ పోటర్ చదివినందువల్ల తోకచుక్కకు లోటు వచ్చిందన్న మాటను నేను ఒప్పుకోను.

మాయలూ మంత్రాలూ ఉన్న కథలు పిల్లల బుర్ర పాడుచేస్తాయనేవారికి మాత్రం నేను ఒకే ఒక్క పేరు చెబుతాను. తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు హేతువాది. ఆయనే 1952 నుంచి 1980లో మరణించేదాకా, దయ్యాలూ బేతాళుడూ నిండిన చందమామకు సంపాదకత్వం వహించారు.

మా పెద్దమ్మ గుంటూరు నుంచి వచ్చి అప్పుడు మా ఇంట్లోనే ఉంది. పిల్లల వాదన అంతా విని, "అంటే మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టేగా?" అన్నది. బాలనాగమ్మ కథ వినని పిల్లలు ఆమె చుట్టూ చేరారు. ఏడు సముద్రాల అవతల ఉన్న చిలకలో ఫకీరు తన ప్రాణం పెట్టుకోవడం, చెరలో ఉన్న బాలనాగమ్మ ఆ రహస్యం రాబట్టడం, ఆమె కొడుకు బాలవర్ధిరాజు వెళ్లి ఆ చిలకను పట్టి తేవడం ఆమె చెబుతుండగా నాకు అసలు అడగవలసిన ప్రశ్న తోచింది. ఈ ఇద్దరు మాంత్రికులకూ పోలిక ఏమిటి, తేడా ఏమిటి?

పోలిక చిన్నపిల్లలూ చెప్పారు. తేడా చెప్పడానికి మా మేనకోడలు కాసేపు ఆలోచించింది. "నానమ్మ చెప్పిన ఫకీరు ప్రాణాన్ని దాచుకున్నాడంతే. వోల్డెమార్ట్ ప్రతిసారీ ఒకరిని చంపితేనే ముక్క చేయగలడు. దాచుకున్నకొద్దీ వాడి ఆత్మ తరిగిపోయింది" అన్నది. మాస్టారు ఆ మాట విని పిల్ల వైపు తిరిగి, ఆ పుస్తకంలో ఇంకా ఏమున్నదని మొట్టమొదటిసారిగా అడిగారు. వాళ్లిద్దరూ నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుని తొమ్మిది దాకా మాట్లాడుకున్నారు.

బేతాళుడు విక్రమార్కుణ్ణి అడిగేది ఇటువంటి ప్రశ్నే. కథలో రాజకుమారి పేరేమిటి, గుర్రాలు ఎన్ని అని అతడు ఎన్నడూ అడగడు. ఆ మనిషి అలా ఎందుకు చేశాడని అడుగుతాడు, కారణంతో సహా జవాబు కావాలంటాడు. అందుకే ఈసారి పోటీలో జవాబుకు ఒక మార్కు, కారణానికి రెండు మార్కులు పెట్టాను. పుస్తకం పేరు, అవసరమైన చోట ముద్రణ సంవత్సరం కూడా ప్రశ్నలోనే రాస్తున్నాను. కొత్త కాగితంలో దాసరి వారి ప్రశ్న ఉంది, హాబిట్ ప్రశ్న ఉంది.

కథంతా విన్న తరువాత, రెండో తరగతి చదివే కింది వాటా బాబు మా పెద్దమ్మను, ఫకీరు ఇక్కడే ఉంటే సముద్రాల అవతల ఉన్న చిలకకు మేత ఎవరు పెట్టారని అడిగాడు. ఆమె విన్న కథలో ఆ సంగతి లేదట. ఆ ప్రశ్నను కూడా నా కాగితంలో రాసుకుని, జవాబు చోటు ఖాళీగా ఉంచాను.