కోత, కుట్టు లేని వేసెక్టమీ: ఆ రోజు, ఆ తర్వాత మూడు నెలలు

వేసెక్టమీ అంటే పిల్లలు పుట్టకుండా మగవారికి చేసే ఆపరేషన్. కత్తి వాడని ఈ పద్ధతిని 1974లో చైనాలో డాక్టర్ లీ షున్‌చియాంగ్ రూపొందించారు. పని 20 నిమిషాల్లో అయిపోతుంది. బిగుతైన లోదుస్తు వెంట తీసుకెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపేయొద్దు.

మత్తు సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. ఆపైన నొప్పి పెద్దగా ఉండదు గానీ, వీర్యనాళాన్ని (శుక్రకణాలు వెళ్లే గొట్టాన్ని) బయటికి లాగేటప్పుడు పొత్తికడుపు దాకా గుంజినట్టు తెలుస్తుంది. అది మామూలే, కంగారు పడకండి. డాక్టరు వేళ్లతో తడిమి ఆ నాళాన్ని వృషణాల సంచి చర్మం కిందికి తెచ్చి, రింగు ఫోర్సెప్స్‌తో (గుండ్రటి మొనల పట్టకారుతో) పట్టుకుంటారు. మొనదేలిన మరో ఫోర్సెప్స్‌తో చిన్న రంధ్రం చేసి, దాన్నే మెల్లగా వెడల్పు చేస్తారు. చర్మం కోత పడకుండా విచ్చుకుంటుంది కాబట్టి రక్తస్రావం తక్కువ, కుట్లు అక్కర్లేదు. నాళాన్ని కత్తిరించి, చివర్లను కాల్చో కట్టో మూసి, మధ్యలో నాళం పైపొరను అడ్డుపెడతారు. ఈ అడ్డు లేకపోతే చివర్లు మళ్లీ కలిసే అవకాశం పెరుగుతుంది. పెడతారో లేదో అడిగి తెలుసుకోండి.

రెండు రోజులు విశ్రాంతి. ఐసును గుడ్డలో చుట్టి 20 నిమిషాల చొప్పున పెట్టండి. వారం దాకా బరువులు, సైకిలు, కలయిక వద్దు. బాగానే ఉంది కదా అని మూడో రోజే బరువెత్తితే లోపల రక్తం చేరి వాపు రావచ్చు. వాపు పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా వెంటనే చూపించుకోవాలి.

జంటలు చేసే పెద్ద పొరపాటు, ఆ రోజు నుంచే ధీమాగా ఉండటం. కత్తిరించిన చోటుకి పైన శుక్రకణాలు ఇంకా మిగిలే ఉంటాయి. మూడు నెలలు గడిచి, కనీసం 20 స్ఖలనాలయ్యాక వీర్య పరీక్ష చేయించుకోవాలి. కణాలు లేవని తేలేదాకా కండోమ్ తప్పనిసరి. మగతనానికి ఢోకా లేదు, మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ ఈ నాళం గుండా వెళ్లదు, నేరుగా రక్తంలో కలుస్తుంది.